పెదవి విరిగినవి

చిరిగిన వలలన్నీ మూటగట్టి
మూటకి తాడు, తాడు చివర రాయి.
పాంగ్లావ్ దగ్గర సముద్రం
గోడలా నిట్టనిలువుగా దిగిపోయే చోట
అరవై బారల లోతుకి వదిలేస్తాం.
ఎర ఉండదు. గాలం ఉండదు.
ఖాళీ ఇల్లు కనబడితే కాపురం దానంతటదే వస్తుందని
మా అత్తగారు ఎస్పెరిదియోనా అనేది.
ఆ తర్వాత ఆర్నెల్లు మరిచిపోవాలి.
మరిచిపోవడం కూడా ఈ పనిలో ఒక పనే.

ఇవాళ లాగాం.
నేనూ పొన్సియానో, వాళ్ళ తమ్ముడి పడవలో.
ఒకప్పుడు కంప్రెసర్ గొట్టం పళ్ళతో కరుచుకుని
తనే దిగేవాడు.
ఒకరోజు తొందరపడి పైకి వచ్చాడు,
ఎడమకాలు ఇంకా రాలేదు.
కాల్లో మేకు దిగినా తెలియని మనిషి
అరచేతిలో తాడు పెట్టుకుని
కింద ఏ రాతికి ఒరుసుకుందో చెబుతాడు.

మూట విదిలిస్తే బురద,
పగడపు ముక్కలు, కాళ్ళు ఊడిన పీతపిల్లలు,
వాటి మధ్య...
కాదు, ముందు ఏమీ కనిపించదు.
కళ్ళజోడు తుడుచుకోవాలి.
అప్పుడు బురదలో ఒక వడ్లగింజ నడుస్తుంది.

వడ్లగింజంతే.
మా లుజ్మిందా చిటికెన గోటి మీద నిలబెడితే
ఇంకా చోటు మిగిలింది.
తేనెరంగు చుట్లు, చుట్టుచుట్టుకీ పూసలు కూర్చినట్టు గరుకు.
భుజం దగ్గర గోటితో గీరినంత చీలిక.
ఆ చీలికని బట్టే ఇంటిపేరు చెబుతాడు
సెబూ నుంచి వచ్చే దెల్ఫిన్.
మేమైతే పేరు పెట్టలేదు.
పుట్టినప్పటి ఇల్లు దాని కొన మీద
గాజుబొట్టులా అలాగే ఉంది.
ఏదీ కూల్చలేదు, ఏదీ వదిలి పోలేదు,
చాలనప్పుడల్లా కింద ఇంకో చుట్టు కట్టుకుంది.

ఇంత చిన్నది ఏం తింటుందమ్మా, అంది పిల్ల.
పురుగుల్ని, అన్నాను.
నోట్లో బల్లెం లాంటి పన్ను దాచుకుంటుంది,
సూదిలా బోలుగా, లోపల విషం.
ఒక వేటకి ఒక పన్ను.
పొడిస్తే పోయినట్టే, వెనక నుంచి ఇంకోటి ముందుకొస్తుంది.
లుజ్మిందా తన కదిలే పన్నుని నాలుకతో ఆడిస్తూ
చాలాసేపు దాన్నే చూసింది.

చీకట్లో ఆ పురుగుకి అదొక పులి.
మా ఇంట్లో అది కిలో బియ్యం,
పెదవి బాగుంటే.

ఇంత సన్నని గుల్లలో దూరే సూది మా దగ్గర లేదు.
ఒక రాత్రి మంచినీళ్ళలో ఉంచి
పొద్దున్నే అరుగు మీద చీమలకి అప్పగిస్తాం.
అవి బారు తీరి వస్తాయి,
ఏ తొందరా లేకుండా
మూడు రోజులపాటు పులిని మోసుకుపోతాయి.

శనివారం దెల్ఫిన్ వచ్చాడు.
జేబులో భూతద్దం, సంచీలో దూది పరిచిన డబ్బాలు.
గుల్లకో నోరు, నోటికో పెదవి,
అతను చూసేది అదొక్కటే.
ఎప్పుడో పీత కొరికితే
నత్త అతుకేసుకుని మళ్ళీ కట్టుకుంటూ పోయిన గీత
అద్దంలో కనబడిందో,
తన పెదవి విరిచి పక్కకి నెట్టేస్తాడు.
ఎంత లోతు నుంచి తెచ్చామో తెలుసా, అన్నాను.
లోతుకి ధర లేదమ్మా, నునుపుకే, అన్నాడు.
చెడ్డవాడేం కాదు,
పిల్లకి ప్రతిసారీ బిస్కెట్లు తెస్తాడు.

నెట్టేసినవన్నీ మా కాఫీ సీసాలో చేరాయి.
ఊడిన పన్ను కూడా అందులోనే వేసింది లుజ్మిందా.
ఇప్పుడు వెతికితే దొరకడం లేదు.

కరెంటు పోయిన రాత్రుళ్ళు
పొన్సియానో సీసా వంచి ఒకటి తీస్తాడు.
దీపం అడగడు.
గోటి కొసతో ఆ గీతని వెతికి
ఇక్కడ, అంటాడు,
ఇక్కడ పీత వచ్చింది.
గోరు వెంట్రుకవాసి కిందికి జరిపి
ఇక్కడ
మళ్ళీ ఆకలేసింది.